మూడోసారి అడిగేదాకా

హోల్‌బెక్‌లో ఎవరింటికైనా వెళ్ళినప్పుడు ఇంటావిడ "ఆపిల్ పై తింటావా?" అని అడిగితే, "అబ్బే, వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాను" అనాలి. "ఒక్క ముక్కేగా" అంటే, "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారి ఆవిడ కాస్త విసుక్కున్నట్టు మొహం పెట్టి "మిగిలితే కుక్కకి వెయ్యాలి, ఇక నీ ఇష్టం" అన్నప్పుడు, "మీరంతగా అంటున్నారు కాబట్టి" అంటూ కుర్చీ దగ్గరికి జరుపుకోవాలి. మొదటి మాటకే సరేనన్నవాడు ఆశపోతు. మూడోసారి అడగకుండా పళ్ళెం లోపల పెట్టేసిన ఇల్లాలికి మర్యాద తెలియదు. ఈ సంగతి చర్చిలో చెప్పరు, బడిలో చెప్పరు. నెబ్రాస్కా ఉత్తరపు కొసన, మొక్కజొన్న చేల మధ్య పుట్టిన ప్రతి బిడ్డకీ ఉగ్గుపాలతోనే వస్తుంది.

మారెన్ ఓస్టర్‌హౌస్‌కి కూడా అలాగే వచ్చింది.

ఆగస్టులో, ఆఖరి సంవత్సరం బడి తెరవడానికి ముందు వచ్చిన శనివారం, ఆమె క్లాసు పిల్లలందరూ ఆమె తాత ఎల్విన్ షెడ్డులో చేరారు. క్లాసంతా కలిపితే తొమ్మిదిమంది. కిండర్‌గార్టెన్ నుంచీ ఒకరి ముక్కు ఒకరు తుడుచుకుంటూ పెరిగినవాళ్ళు. మే నెలలో గౌనూ టోపీ వేసుకుని బడి వదిలేలోపు తప్పకుండా చేసి తీరవలసిన పనులన్నీ ఒక బకెట్ లిస్టుగా రాయాలని మారెన్ ప్రాణస్నేహితురాలు కాలా పట్టుబట్టింది. దాణా సంచీ ఒకటి చింపి, వెనకవైపు తిప్పి నేలమీద పరిచి, లావుపాటి మార్కరు పట్టుకుని బోర్లా పడుకుంది.

"డర్క్, నువ్వు చెప్పు ముందు."

"కో-ఆప్ సొసైటీ వాళ్ళ ధాన్యం టవరెక్కి సూర్యోదయం చూడాలి."

"నువ్వు ఆ వేళకి లేస్తే గదా! పందులకి మేత వెయ్యడానికి లేవలేదని మీ అమ్మ మొహాన నీళ్ళు కొట్టింది మర్చిపోయావా?"

"అందుకేగా లిస్టులో పెట్టమంటున్నా. రోజూ చేసేదైతే లిస్టెందుకు?"

పశువుల నీళ్ళతొట్టెలో కూర్చుని నయోబ్రారా నది మీద తేలుతూ పోవాలన్నారు ఒకరు. చర్చి గంట ఒక్కసారైనా తామే మోగించాలన్నారు ఇంకొకరు. అప్పుడు డర్క్ లేచి నిలబడి, ప్రమాణం చేస్తున్నవాడిలా చెయ్యెత్తి అన్నాడు: "ఎలీసియో గారిచేత ఏదైనా ఒక్కటి మూడోసారి అడిగించాలి!"

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు అందరూ. ఎలీసియో బడి బస్సు డ్రైవరు. టెక్సస్ నుంచి వచ్చి రెండేళ్ళయింది. మంచి మనిషే, కానీ మాటను మాటగానే తీసుకుంటాడు. మంచు కురుస్తున్న ఒకరోజు వేడి డోనట్ ఒకటి డర్క్‌కి ఇవ్వబోయాడు. డర్క్ మర్యాదగా వద్దన్నాడు. ఎలీసియో సరేనని అక్కడికక్కడే తనే తినేశాడు. "నేను రెండోదానికి రెడీగా ఉన్నానే! ఆయన వేళ్ళు నాకేస్తున్నాడు!" అని డర్క్ ఇప్పటికీ మొత్తుకుంటాడు.

"అది ఈ జన్మలో కాదు," అంటూనే కాలా రాసింది. తరువాత మారెన్ వైపు తిరిగింది. "నీదేంటి?"

"నాదేం లేదులే."

"చెప్పవే."

"ఏమో, ఏమీ తోచట్లేదు."

"చెప్పకపోతే నీ పేరు మీద డర్క్‌తో డాన్సు అని రాసేస్తా."

మూడోసారి అయింది కాబట్టి మారెన్ చెప్పింది. "ట్రాక్టరు రోజున తాత ఎర్ర బండి మీద బడికి వెళ్ళాలి."

ఎవరూ నవ్వలేదు. అందరి కళ్ళూ షెడ్డు మూలనున్న పాత ఎర్ర ట్రాక్టరు వైపు మళ్ళాయి. మే నెలలో, బడి ముగిసే వారం, ఆఖరి క్లాసు పిల్లలు ఇళ్ళ నుంచి ట్రాక్టర్లు తోలుకుంటూ వచ్చి బడి ముందు వరసగా నిలబెడతారు. ఆ రోజు హెడ్మాస్టరే స్వయంగా పాన్‌కేకులు వేసి పెడతాడు. పిల్లలు ఎక్కువగా తెచ్చేవి ఏసీ క్యాబిన్లున్న పెద్ద బళ్ళు. ఎల్విన్ బండికి పైన కప్పు కూడా లేదు. ఆయన పెళ్ళయిన ఏడు కొన్నది. మారెన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు తోలడం నేర్పుతూ, కాలు అందడం లేదని క్లచ్ పెడలు మీద ఒక చెక్క దిమ్మ బిగించాడు. కాలు ఎప్పుడో అందింది. దిమ్మ మాత్రం ఉండిపోయింది.

ఎల్విన్ బల్ల దగ్గర కూర్చుని నవ్వుతున్నాడు. "మీ లిస్టులో ఏముంది తాతయ్యా?" అని కాలా అడిగింది.

"వాన," అన్నాడాయన. "ఇంకేం లేదు." తరువాత మారెన్‌ని చూసి, "ఆ బండి నీదేనే పిల్లా. నేనున్నా లేకపోయినా," అన్నాడు.

మారెన్ తండ్రి లీలండ్ అప్పుడు బండి కింద పడుకుని గ్రీజు పెడుతున్నాడు. విన్నాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ తల ఊపాడు. ఆయన మాట్లాడితే ముత్యాలు రాలతాయి అని భార్య నొరీన్ ఎగతాళి చేస్తుంది. కానీ రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి బండికీ స్టీరింగు మీదనుంచి చూపుడువేలు పైకెత్తి పలకరించనిదే పోడు. తెలిసినవాడైనా సరే, దారి తప్పి వచ్చిన కాలిఫోర్నియా నంబరు కారైనా సరే. ఆ ఊరి మగవాళ్ళందరూ అలాగే పలకరిస్తారు. లీలండ్ వేలు మాత్రం మిగతావాళ్ళ కంటే కాస్త ముందే లేస్తుంది.

నవంబరులో, ఆఖరి చేను కోత అయిపోయిన మర్నాడు, ఎల్విన్ కాఫీ కప్పు చేతిలో ఉండగానే కుర్చీలో కన్నుమూశాడు. అంత సుఖమైన చావు దేవుడు అందరికీ ఇవ్వడని చర్చిలో చెప్పుకున్నారు. పోయినవారికి సుఖమే. బాకీ పడిన మాటలు మాత్రం బతికున్నవాళ్ళ నెత్తిన ఉంటాయి.

భూమి ఎల్విన్ పేరు మీద ఉంది. వీలునామాలో పిల్లలిద్దరికీ సమానంగా అని రాసి ఉంది, అంతకు మించి ఒక్క ముక్క లేదు. లీలండ్ అక్క రోషెల్ ఒమాహా నగరంలో స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఆమె వాటా కొని ఇవ్వగల శక్తి లీలండ్‌కి లేదు. కాబట్టి భూమీ సామానూ అంతా మార్చిలో వేలం వేద్దామని తేలింది. ఎవరిమీదా ఎవరికీ కోపం లేదు. క్రిస్మస్ అయిన తరువాత రోషెల్ వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, షెడ్డులో ఉన్న వస్తువులు ఒక్కొక్కటీ తమ్ముడితో అనుకుంటోంది.

మారెన్ సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. చేతులు నీళ్ళలోనే ఉన్నాయి, చెవులు మాత్రం బల్ల దగ్గర.

"నీకేమైనా ఉంచుకోవాలని ఉంటే చెప్పు తమ్ముడూ," అంది రోషెల్. "పక్కన పెట్టేద్దాం. ఆ పాత ఎర్ర ట్రాక్టరో, ఇంకోటో."

నొరీన్ బల్ల కింద భర్త కాలు తొక్కింది.

"అబ్బే, ఏం వద్దక్కా," అన్నాడు లీలండ్. "నువ్వెలా అంటే అలా."

మారెన్ గిన్నె తిప్పడం ఆపేసింది. రెండోసారి అడుగుతుంది. తరువాత మూడోసారి. అప్పుడు నాన్న గొంతు సవరించుకుంటాడు.

"సరే అయితే," అని రోషెల్ తరువాతి వస్తువుకి వెళ్ళిపోయింది.

ఆమె తప్పేం లేదు. ఒమాహాలో అన్నేళ్ళుంటే ఎవరైనా మర్చిపోతారు. అక్కడ ఒకసారే అడుగుతారు, ఒకసారే చెప్తారు. పుట్టింటి మాటతీరు ఆమె నాలుక మీదనుంచి ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు. రోషెల్ కారు గేటు దాటిన తరువాత నొరీన్ భర్తని వదల్లేదు.

"ఫోను చెయ్యి. ఆ బండి మా పిల్లకి కావాలక్కా అను. ఆవిడ కాదంటుందా?"

"వద్దన్నాను కదా. ఇప్పుడు కావాలంటే ఏం బాగుంటుంది?"

"నాన్న మారెన్‌కి మాటిచ్చాడని చెప్పు."

"పెద్దవాళ్ళలో ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. నా పిల్లకోసం నేనే సాక్ష్యం చెప్తే ఎలా ఉంటుంది చూడు. వేలంలో పాడుకుంటాలే. అప్పుడు ఎవరి దగ్గరా చెయ్యి చాచినట్టుండదు."

నొరీన్ ఇక పోరలేదు. కానీ ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ కారులో, ఎవరితోనో కాక తనలో తను అనుకుంటున్నట్టు అంది: "మనకేం కావాలో మనం అడగకముందే దేవుడికి తెలుసంటారు పాస్టరుగారు. అయినా అడగమంటాడట. తెలిసినవాడు మళ్ళీ మనచేత అడిగించుకోవడం ఎందుకో?"

లీలండ్ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. ఎదురుగా పాల వ్యాను వస్తోంది. వేలెత్తాడు.

వేలానికి పది రోజుల ముందు ఇంకో సంగతి జరిగింది. చర్చిలో ఆడవాళ్ళు బొంతలు కుడుతూ మాట్లాడుకుంటుంటే నొరీన్ చెవిన పడింది. పక్క పొలం హార్లన్ టీట్కే చర్చి మగవాళ్ళందర్నీ కూడగట్టాడట. ఎల్విన్ బండిని తామే పాడి కొని, చదువు ముగిస్తున్నందుకు కానుకగా మారెన్‌కి ఇవ్వాలని అనుకున్నారట. నొరీన్ కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి వచ్చి చెప్పింది. ఆ సాయంత్రం ఓస్టర్‌హౌస్ ఇంట్లో చాలా రోజుల తరువాత గట్టిగా నవ్వులు వినిపించాయి. మారెన్ కాలాకి ఫోన్ చేసి, "నాకు తెలియనట్టు ఉండాలి, నువ్వు కూడా తెలియనట్టు ఉండాలి," అంది. "నాకు నీకంటే ముందే తెలుసే మొద్దూ," అంది కాలా.

అక్కడే కొంప మునిగింది.

వేలం రోజున మార్చి గాలి ముళ్ళలా గుచ్చుతోంది. ఊరంతా వచ్చింది. బయటివాళ్ళు కొద్దిమందే. లీలండ్ అందరిలాగే వేలంలో పాడేవాళ్ళకిచ్చే నంబరు అట్ట తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నాడు. ఇంటివాడు కాబట్టి తీసుకోకపోతే బాగుండదని తీసుకున్నాడు. తాను పాడితే ధర పెరుగుతుంది, పెరిగేది చర్చివాళ్ళ నెత్తిమీద. పైగా వాళ్ళ కానుకని ముందే తిప్పికొట్టినట్టు అవుతుంది. అందుకని చేతులు జేబుల్లోంచి తియ్యకూడదని నిర్ణయించుకున్నాడు.

హార్లన్ గుంపుకి అవతలి కొసన నిలబడ్డాడు. లీలండ్ జేబులోంచి అట్ట అంచు తెల్లగా కనిపిస్తోంది ఆయనకి. అంటే తండ్రి బండిని కొడుకు పాడుకోవాలనుకుంటున్నాడు. కొడుకు పాడుతుంటే పోటీకి పాడినవాడు ఆ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకుని తిరగలేడు. సరే, లీలండే పాడుకోనీ, అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు. పక్కవాళ్ళకి కళ్ళతోనే సైగ చేశాడు. చర్చి మగవాళ్ళందరూ చేతులు కట్టుకున్నారు.

మారెన్ బండి పక్కనే నిలబడి ఉంది. చెయ్యి స్టీరింగు మీద ఉంది. ఇనుము చల్లగా ఉన్నా తియ్యలేదు.

వేలం వేసేవాడు గుక్కతిప్పుకోకుండా అరుస్తున్నాడు. గుంపులో ఎవరూ కదలడం లేదు. ఎక్కడో వెనక, కొత్త టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు, కాన్సస్ నుంచి వచ్చినవాడు, గడ్డం కొద్దిగా కిందికి వంచాడు. అది పాట. వేలంవాడు లీలండ్ వైపు చూశాడు. ఊళ్ళో పుట్టినవాడే, అతనికీ తెలుసు. కాస్త ఆగాడు కూడా. లీలండ్ హార్లన్ వైపు చూశాడు. హార్లన్ లీలండ్ వైపు చూశాడు. ఇద్దరూ ఒకరికొకరు తల ఊపుకున్నారు, ఎంతో మర్యాదగా.

"ఒకటోసారి," అన్నాడు వేలంవాడు.

నాన్నా, అని అరవాలనిపించింది మారెన్‌కి. నోటిదాకా వచ్చింది. ఊరంతా ఉంది. అడుక్కున్నట్టు ఉంటుంది. ఇంతమంది ముందు నాన్నని చిన్నబుచ్చినట్టు ఉంటుంది. ఇంకా టైముంది అనుకుంది.

"రెండోసారి."

వేలంపాటలో మూడోసారి అడగరు. మూడోసారి సుత్తి కొట్టేస్తారు.

ఎంత తక్కువకి పోయిందో చెప్పుకుంటే సిగ్గు. కాన్సస్ మనిషి తనే నమ్మలేకపోయాడు. బండి ఎక్కి ట్రైలరు మీదకి తోలబోతుంటే అతని కాలు చెక్క దిమ్మ మీద జారింది. "ఇదేంట్రా బాబూ!" అని పకపకా నవ్వాడు. చెడ్డవాడేం కాదు. పాత బళ్ళు కొని, విప్పి, భాగాలుగా అమ్ముకునేవాడు. ఆ సంగతి వారం తరువాత తెలిసింది. హార్లన్ తన ట్రైలరు కట్టుకుని, ఎంతైనా ఇచ్చి వెనక్కి తెద్దామని కాన్సస్ దాకా వెళ్ళాడు. అప్పటికే చక్రాలు ఒక రాష్ట్రానికి, ఇంజను ఇంకో రాష్ట్రానికి పోయాయి.

వేలం జరిగిన సాయంత్రం ఓస్టర్‌హౌస్ ఇంటికి, చావు జరిగిన ఇంటికి పొరుగువాళ్ళు పంపినట్టే, ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపల క్యాసరోళ్ళు వచ్చాయి. తెచ్చినవాళ్ళు గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోయారు. హార్లన్ మాత్రం టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మారెన్ మెట్ల మీద కూర్చుని వింది.

"నువ్వు పాడతావనుకున్నా లీలండ్."

"మీరు పాడతారనుకున్నా."

ఇద్దరూ గుమ్మం మీది చాపని చూశారు. "చలిగా ఉంది," అన్నాడు హార్లన్ చివరికి. "అవును," అన్నాడు లీలండ్. అంతే.

తలుపు మూసుకోగానే మారెన్ దిగి వచ్చింది.

"దారిన పోయే ప్రతి కారుకీ వేలెత్తుతావే నాన్నా. ముక్కూ మొహం తెలియనివాడికి కూడా ఎత్తుతావు. ఒక్క వేలు. ఇవాళ ఎందుకు లేవలేదు?"

లీలండ్ చేతులు మళ్ళీ జేబుల్లోకి పోయాయి.

"ఊరుకోవే," అంది నొరీన్.

"ఊరుకోను. అందరూ ఊరుకోబట్టే ఇలా అయింది. ఇది మంచితనమా అమ్మా? ఆ ట్రాక్టరు నాదని ఊరందరికీ తెలుసు, ఒక్కడు నోరు విప్పలేదు. ఇకమీదట నాతో ఈ మూడుసార్ల ఆటలు ఆడొద్దు నాన్నా. నేను కావాలంటే కావాలని, వద్దంటే వద్దని. నా మాటను మాటగా తీసుకో. అర్థమైందా?"

"అర్థమైంది," అన్నాడు లీలండ్.

తాను కూడా నోరు విప్పలేదన్నది ఆమెకి గుర్తొచ్చింది, కానీ అప్పటికి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తండ్రి మీద కోపం కంటే ఆ గుర్తే ఎక్కువ బాధ పెట్టింది. నాన్నా అన్న ఒక్క మాట. నోటిదాకా వచ్చిన మాట.

వసంతం వచ్చింది. దాణా సంచీ కాలా వాళ్ళ గరాజు గోడకి వేలాడుతూనే ఉంది. ఒక్కొక్క పనీ అయిపోతోంది, ఒక్కొక్క గీతా పడుతోంది. టవరు మీద సూర్యోదయం చూశారు, డర్క్‌ని ఇద్దరు మోసుకుపోయినంత పని చేసి. నదిలో నీళ్ళతొట్టె గిర్రున తిరిగి ఇసుక తిన్నె మీదకి ఎక్కితే కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. మారెన్ కూడా నవ్వింది. నవ్వుతూనే, తాత ఉంటే ఈ కథ చెప్పాలి అనుకుంది, అంతటితో నవ్వు ఆగిపోయింది. మే నెల నాటికి సంచీ మీద రెండే మిగిలాయి. ఒకటి ఎలీసియోది. రెండోది ఆమెది.

"మా ఇంట్లో రెండో ట్రాక్టరు ఖాళీగానే ఉంటుంది," అంది కాలా.

"వద్దులే."

"పక్కపక్కనే వెళ్దాం, ముచ్చటగా ఉంటుంది."

"వద్దు కాలా."

"నిజంగా అడుగుతున్నా. మూడోసారి ఇది."

"నిజంగా వద్దు. వేరే బండి మీద వెళ్తే లిస్టులో అది కొట్టేసినట్టు కాదు. అబద్ధం గీత అవుతుంది."

కాలా ఇక అడగలేదు. మూడుసార్లూ వద్దంటే అది వద్దే.

ట్రాక్టరు రోజు పొద్దున్నే ఇంటి ముందు ఇంజను చప్పుడు వినిపించి మారెన్ బయటికి వచ్చింది. హార్లన్ ఆకుపచ్చ ట్రాక్టరు, టైర్లతో సహా కడిగి, పెళ్ళికొడుకులా ఉంది. పక్కన లీలండ్ నిలబడి ఉన్నాడు. చెప్పులు తడిగా ఉన్నాయి, తనే కడిగినట్టున్నాడు. ఎరుపొక కంపెనీ, ఆకుపచ్చొక కంపెనీ; ఎర్ర బళ్ళ ఓస్టర్‌హౌస్ వంశంలో ఎవరూ ఆకుపచ్చ బండి ఎక్కి ఎరగరు. తాత ఉంటే చెవి మెలిపెట్టేవాడు.

"హార్లన్ ఇచ్చాడు," అన్నాడు లీలండ్. "ఎక్కి వెళ్తావా?"

"వద్దు నాన్నా."

ఆ మాట వెనక ఏముందో మారెన్‌కే సరిగా తెలియదు. ఎరుపు కాదు కాబట్టి వద్దు. కానీ తడిసిన ఆ చెప్పుల మీదనుంచి చూపు మరలలేదు. నాన్న తెల్లవారకముందే లేచి, పక్క పొలం దాకా నడిచి, నోరు తెరిచి, ఒకరిని ఒకటి అడిగి తెచ్చాడు. పుట్టి ఎప్పుడూ చెయ్యని పని.

"వెనక నేను కారులో వస్తాను. నెమ్మదిగా వెళ్ళొచ్చు," అన్నాడు లీలండ్.

"వద్దులే."

రెండు అయ్యాయి. మూడోసారి అడిగితే ఎక్కేద్దామనుకుంది. తెలిసే అనుకుంది. పుస్తకాల సంచీ భుజం మీదనుంచి సగం దించింది కూడా.

లీలండ్ నోరు తెరిచాడు. "ఆ బండి," అని ఆగాడు. "ఆ రోజు. అది నాకు ఎంత కావాలనిపించిందంటే మారెన్, అందరి ముందూ కావాలి అనడానికి సిగ్గేసింది."

అంత పొడుగు మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు అడుగుతాడు, అనుకుంది.

ఆయన అడగలేదు. తల ఊపాడు. "నీ మాటను మాటగా తీసుకోమన్నావు," అన్నాడు మెల్లగా. ఆ మాటలో దెప్పు లేదు. కూతురు ఒకటి అడిగింది, అది చేస్తున్నాడు, అంతే. వెళ్ళి తనే ఆకుపచ్చ బండి ఎక్కి రోడ్డు పట్టాడు.

కాసేపటికి రోడ్డు మలుపులో పసుపు బస్సు కనిపించింది. ఆఖరి క్లాసు పిల్లలు బస్సు ఎక్కరు. అందులోనూ ట్రాక్టరు రోజున ఎక్కడమంటే తలవంపే. మారెన్ చెయ్యెత్తింది. తలుపు తెరుచుకుంది. ఎలీసియో ఆమెని చూసి, ఏదో అనబోయి మానేసి, "రా అమ్మా," అన్నాడు. చిన్నపిల్లలు కాళ్ళు ముడుచుకుని చోటిచ్చారు.

గుమ్మం దగ్గర నొరీన్ ఏప్రాన్ అంచు పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, ఇంకేమిటో.

అర మైలు పోయాక ముందు ఆకుపచ్చ ట్రాక్టరు కనిపించింది. లీలండ్ దాన్ని హార్లన్ ఇంటికి తిరిగి ఇచ్చేయడానికి తీసుకుపోతున్నాడు. మట్టిరోడ్డు అంచున, వీపు కాస్త వంచి, నెమ్మదిగా. బస్సు దగ్గరికి వచ్చేసరికి పక్కకి జరిగి దారిచ్చాడు. బస్సు దాటుతుండగా, తల తిప్పకుండానే, స్టీరింగు మీదనుంచి చూపుడువేలు ఎత్తాడు. ఎవరికీ ప్రత్యేకంగా కాదు. దారిన పోయే బండికి.

మారెన్ నుదురు కిటికీ అద్దానికి ఆనించింది. తన చెయ్యి కూడా లేచింది. వేలు అద్దానికి తగిలింది. నాన్న చూడలేదు. దుమ్ములో ఆయన వెనకబడిపోతున్నాడు.

ఎలీసియో డ్రైవరు సీటు పైనున్న అద్దంలోంచి ఆమెని చూశాడు. కాలు బ్రేకు మీద పెట్టాడు. బస్సు నెమ్మదించింది.

"మీ నాన్నగారు కదమ్మా?" అన్నాడు. "ఆపమంటావా?"

ఊరి బడి ఇంకా కనిపించడం లేదు. అక్కడ ట్రాక్టర్లు వరసగా నిలబడుతూ ఉంటాయి. దిగి పరిగెత్తుకుంటూ వెనక్కి వెళ్ళడానికి టైముంది. గొంతులో మాట ఉంది. చుట్టూ చిన్నపిల్లలు ఆమెనే చూస్తున్నారు.

"వద్దులెండి," అంది మారెన్. "మీకెందుకు శ్రమ."

అని, అద్దంలో ఆయన కళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

"సరే అమ్మా," అన్నాడు ఎలీసియో. గేరు మార్చాడు.